అన్న కంప్యూటర్‌లో మిగిలిన ఫోల్డర్

అన్న పోయాక అతని ఫ్లెక్సీ షాపు నా మెడకు చుట్టుకుంది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోయే రోడ్డు మీద, సైకిల్ రిపేరు కొట్టుకూ టిఫిన్ బండికీ మధ్య ఒక్క షట్టర్ గది. అందులో ఒక పాత కంప్యూటర్, ఫోటోలు తీసే చిన్న ప్రింటర్, కదిలినప్పుడల్లా మూలిగే కుర్చీ. పెద్ద ఫ్లెక్సీలు కొట్టే మెషీను మాకు లేదు. మేం డిజైన్ చేసి ఫైలు పంపితే, భద్రాచలంలో కొట్టి బస్సులో వేస్తారు.

ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ ఒకరోజు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. ఇక ఎక్కువ రోజులు బతకదని నాకు అర్థమై, మణుగూరు పోయి కొత్త కంప్యూటర్ కొనుక్కొచ్చాను. పాతదాంట్లోంచి వచ్చినదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాను, ఒక్క ఫోల్డర్ తప్ప. ఆ ఫోల్డర్‌తోనే పాత కంప్యూటర్ ఇప్పటికీ మా బల్ల కింద ఉంది. స్విచ్ వెయ్యను. పాత సామాన్ల వాడు అడిగితే ఇవ్వను. ఎందుకని అడిగిన వాళ్ళకు పాడైపోయిందని చెబుతాను.

అన్న చేసిన పనిలో సగం పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నాయకులకు స్వాగతాలు. మిగతా సగం చావులు. మనిషి పోతే దినాలకు ఊరి ముందర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టడం ఇప్పుడు అడవి లోపలి ఊళ్ళకూ వచ్చింది. ఆ ఫైళ్ళన్నీ అన్న ‘వెళ్ళినవాళ్ళు’ అనే ఫోల్డర్‌లో పెట్టేవాడు. పేర్లు రాసేవాడు కాదు. ‘ట్రాక్టర్ మామ’, ‘తల్లాడ బావ’, ‘ఇప్పపువ్వు అవ్వ’, తనకు ఎలా గుర్తుంటే అలా. ఒక్కోదానికి వెనక ‘ఫైనల్’, ‘ఫైనల్ టూ’, ‘ఫైనల్ ఓకే’. ఎవరైనా ఒక్కసారే పోతారు, మా అన్న దగ్గర మాత్రం మూడుసార్లు ఫైనల్ అయ్యేవాళ్ళు.

ఇంకో పాడు అలవాటు ఉండేది. ఎప్పుడూ కొత్త ఫైలు తెరిచేవాడు కాదు. అంతకుముందు పోయినవాళ్ళ ఫైలునే కాపీ చేసి, దాంట్లో పాత ముఖం దాచేసి, దాని మీద కొత్త ముఖం పెట్టేవాడు. ఫోటోషాప్‌లో బొమ్మంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు. లేయర్లు అంటాం. ఒక్కో లేయర్ పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ లేయర్ కనిపించకుండా పోతుంది, కానీ చెరిగిపోదు. అలా ప్రతి ముఖం కింద అంతకుముందటి ముఖం కళ్ళు తెరుచుకునే ఉండేది. ఫైళ్ళు బలిసిపోయి కంప్యూటర్ నత్తనడక నడిచేది.

నేను గొడవ పెట్టుకునేదాన్ని. “కొత్త ఫైలు తెరిస్తే నీ సొమ్మేం పోతది అన్నా?”

“వట్టి తెల్లటిదాని మీద సచ్చినోళ్ళ మొఖం ఒక్కటే పెట్టాలంటే నాకు భయమైతది చెల్లే” అనేవాడు. “ముందటోళ్ళు కింద ఉంటే జర ధైర్యం. నాకు గాదు, వాళ్ళకు.”

వేళాకోళం అనుకొని నవ్వేదాన్ని. తర్వాత అన్న ఫ్లెక్సీ నేనే చేశాను, కొత్త తెల్ల ఫైలు తెరిచి. ఆ రోజు ఈ మాట గుర్తు రాలేదు.

కాపీ పెట్టిన పొద్దున రెండు కంప్యూటర్ల మధ్య కూర్చుంటే, ఇద్దరు మనుషుల మధ్య కూర్చున్నట్టే ఉంది నాకు. ఒకటి మూలుగుతోంది, ఒకటి చప్పుడు చెయ్యడం లేదు. ఆకుపచ్చ గీత జరుగుతుంటే దాని మీద పేర్లు ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి. తల్లాడ బావ. ఇప్పపువ్వు అవ్వ. లారీ తమ్ముడు. ఎవరో తలుపు దగ్గర నిలబడి హాజరు పిలుస్తున్నట్టు అనిపించింది. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. లేచి షట్టర్ పూర్తిగా పైకెత్తి, రోడ్డు కనపడేలా కుర్చీ తిప్పుకున్నాను.

అప్పుడే ఒకామె మెట్టెక్కింది. యాభై దాటినట్టుంది, లోపలి ఊరి మనిషి. వెనక ఒక చిన్న పిల్ల, గౌను అంచు నములుతూ.

“గీ దుకాణం అన్న లేడా?”

“పోయిండు పెద్దమ్మా. నేను ఆయన చెల్లెను.”

ఆమె “మంచోడు” అని, మెట్టు మీదే కూర్చుంది. పిల్లతో కోయ మాటలో ఏదో చెబితే అది వచ్చి ఆమె ఒళ్ళో చేరింది.

“నా బిడ్డ ఫోటో కావాలె. మీ అన్ననే ఫ్లెక్సీ చేసిండు. దినాలకు ఊరి ముందట కట్టినం. తర్వాత వానకని ఇంటి మీద కప్పినం. నేను దాని మొఖం సూడలేక పైకి పెట్టి కప్పిన, ఆకాశం దిక్కు. మొన్న పెద్ద వరదకు ఇల్లే కొట్కపోయింది.”

ఫ్లెక్సీ బతుకు మాకు తెలిసిందే. దినాలు కాగానే గుడిసె కప్పు అవుతుంది, మేకల కొట్టానికి గోడ అవుతుంది, కల్లంలో మిరపకాయల మీద పట్టా అవుతుంది. ఈ రోడ్డున పోతుంటే పొలాల్లోంచి మనల్ని చూసే ముఖాల్లో సగం మా షాపులోంచి పోయినవే. అందుకని ఆమె చెప్పింది నాకు వింతగా లేదు.

“వేరే ఫోటో ఏదీ లేదా పెద్దమ్మా? ఆధార్ కార్డు?”

“చిన్నగున్నప్పటిది, అంతా నల్లగ వచ్చింది. అదీ పెట్టెతోటే పోయింది. అల్లుని ఫోన్ల ఉండెనట, ఆయన ఇంకో పెండ్లి చేసుకొని గట్టు అవతలికి పోయిండు.” పిల్ల తల మీద చెయ్యి వేసింది. “ఇది పుట్టిన తెల్లారే అది పోయింది. ఇప్పుడిది బడికి పోతాంది. మా అమ్మ ఎట్లుంటది అని రోజూ అడుగుతాంది. చెప్తాంటే నాకే మొఖం సరిగ యాదికొస్తలేదు బిడ్డా. ఒక్కో దినం ఒక్కో తీరు చెప్తున్న. ఇది పట్టుకుంటాంది, నిన్న గట్ల చెప్పినవు గదా అంటాంది.”

ఎప్పుడు పోయిందో అడిగాను. తునికాకు కోతలప్పుడు అంది. అన్న ఎలా గుర్తు పెట్టుకుని ఉంటాడో ఊహించి వెతికితే ‘తునికాకు చెల్లె ఫైనల్ ఓకే’ కనిపించింది. దొరికింది పెద్దమ్మా అన్నాను, తొందరపడి.

దాని మీద నొక్కితే తెరుచుకోలేదు. సరే కొత్తదాంట్లోకి కాపీ చేద్దామని పెట్టాను. గీత కొద్దిగా జరిగి ఆగింది. లోపల టిక్కు టిక్కు. ఈ ఫైలు చదవలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించాలా, వదిలెయ్యాలా అని అడిగింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే చోట ఆగింది. నేను అడగడం, అది అక్కడిదాకా వచ్చి నిలిచిపోవడం.

పెద్దమ్మ మెట్టు మీంచి లేచి వచ్చి నా భుజం వెనక నిలబడింది. “ఏమంటాంది?”

“రానంటాంది” అన్నాను, ఆలోచించకుండా. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమెకు కోపం రాలేదు. “అదట్లనే” అంది. “మొండిది.”

సంత నాడు మళ్ళీ రమ్మన్నాను. పిల్ల పోతూ పోతూ వెనక్కి తిరిగి కంప్యూటర్‌ను చూసింది. ఆ డబ్బాలో వాళ్ళమ్మ ఉందని దానికి అర్థమైనట్టుంది.

ఆ తర్వాత నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఖమ్మంలో ఇలాంటివి బాగు చేసే అతనికి ఫోన్ చేస్తే, డిస్కు మీద ఆ చోటే చెడిపోయింది, మిగతావి వస్తున్నందుకు సంతోషించండి మేడమ్ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని వందల ముఖాల్లో, ఆమె వచ్చి అడిగిన ఒక్కటే పోవాలా? అన్నను కూడా తిట్టాను. ఇంకోచోట ఒక కాపీ పెట్టుకుంటే ఏమయ్యేది అని కుర్చీని తన్నాను. కుర్చీ మూలిగింది.

మూలిగాక గుర్తొచ్చింది. మా అన్న కాపీ పెట్టాడు కదా. బతికినన్నాళ్ళూ ఆయన చేసింది అదే.

ఫైళ్ళను తేదీల వరసలో పెట్టాను. ఒక ఫైలును ఎక్కడికి కాపీ చేసినా, దాన్ని ఆఖరుసారి ముట్టుకున్న తేదీ దాని వెంటే వస్తుంది. తునికాకు చెల్లె తర్వాత చేసింది ట్రాక్టర్ మామ. కొత్త కంప్యూటర్‌లో ఆయన్ని తెరిచాను. గుబురు మీసం, తెల్ల చొక్కా, మెడలో దండ. పక్కన లేయర్ల వరసలో ఆయన ముఖం దగ్గరున్న కన్ను గుర్తు నొక్కాను. మామ వెళ్ళిపోయాడు. దండ మిగిలింది. ఆ కింద, గుర్తులు ఆరిపోయి ఉన్న రెండు మూడు లేయర్ల మీద నొక్కాను.

దండ మధ్యలోకి ఒక అమ్మాయి వచ్చింది. గుండ్రటి ముఖం, కొంచెం పైకి లేచిన ముక్కు, దానికి రెండు వైపులా చిన్న ముక్కుపుల్లలు. ఎర్ర పట్టుచీర అన్న తొడిగిందే, మా దగ్గర అందరు ఆడవాళ్ళకూ అదే చీర. నేరుగా నన్నే చూస్తోంది. షాపులో ఒక్కదాన్నే ఉండి గట్టిగా అరిచాను. టిఫిన్ బండి అతను ఏమైందక్కా అని తొంగి చూశాడు. ఏడుస్తూ నవ్వుతూ, ఏం లేదన్నాను.

సంత నాటికి మంచి కాగితం మీద ప్రింటు తీసి పెట్టాను. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. నేను ఆమె ఏడుపు కోసం ఎదురు చూస్తున్నాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసం కూడా.

“మొఖం నా బిడ్డదే” అంది. “ముక్కు గదే. పుల్లలు గవే.” ఆగింది. “కండ్లు గాదు.”

“ప్రింటుల జర రంగు తేడా వస్తది పెద్దమ్మా.”

“రంగు గాదు బిడ్డా. నన్ను ఎరగనట్టు సూస్తాంది.”

పిల్ల ఆ ఫోటో దగ్గరికి రాలేదు. అమ్మమ్మ చీర వెనక నుంచి ఒక్క కన్నుతో చూసి, మళ్ళీ దాక్కుంది. దాన్ని చూశాక నాకు అనుమానం వచ్చింది. లేయర్లు మళ్ళీ తెరిచి ఒక్కొక్కటే చూశాను. ముఖం మీద ‘కళ్ళు కాపీ’ అని సన్నని లేయర్ ఒకటి ఉంది. దాని గుర్తు నొక్కాను. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

పెద్దమ్మ మెల్లగా కింద కూర్చుంది. “అవ్” అంది. “గట్లనే కూసోబెట్టినం. గోడకు ఆనిచ్చి. అప్పుడే తీసిండు అల్లుడు.”

పోయాక తీసిన ఫోటో తప్ప ఇంకోటి లేని వాళ్ళు మా దగ్గరకు వస్తూనే ఉంటారు. వాళ్ళకు కళ్ళు తెరిపించడం మా పనిలో మామూలు విషయం. ఆమె బాధ చూసి, నేను ఇంకా బాగా చెయ్యగలనని అనిపించింది. పిల్లను చూశాను. “దీని కండ్లు ఎవరి పోలిక పెద్దమ్మా?”

“వాళ్ళమ్మయే. కండ్లు ఒక్కటే వచ్చినయి దీనికి.”

“అయితే అయిపాయె. దీన్ని ఒక ఫోటో తీస్త. ఈ కండ్లు తీసి ఆమెకు పెడ్త. అచ్చం ఉంటది.” ఫోన్ పైకెత్తాను.

ఆమె లేచిన వేగానికి ప్రింటు కింద పడిపోయింది. పిల్ల ముఖాన్ని అరచేత్తో కప్పేసింది.

“బతికున్న పిల్ల కండ్లు తీసి సచ్చినదానికి పెడ్తవా? పెట్టినంక ఇది దేనితోటి సూస్తది?”

“తీసుడు గాదు పెద్దమ్మా, కాపీ. ఇక్కడియి ఇక్కడనే ఉంటయి. అక్కడికి ఇంకో జత వస్తది, గంతే. దీనికి ఏం కాదు.”

“నువ్వు ఎన్నన్న చెప్పు” అంది. చెయ్యి తియ్యలేదు.

నేను ఫోన్ బల్ల మీద పెట్టేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. అప్పుడు, “మూసుకున్నదే ఇయ్యి బిడ్డా” అంది. “గవి దానియి.”

కళ్ళు మూసుకున్న ఫోటో ప్రింటు తీశాను. పిల్ల ఈసారి దగ్గరికి వచ్చింది. వేలితో కనురెప్పల మీద, ఒకదాని తర్వాత ఒకటి, నిమిరింది. ఏదో అడిగింది. అది మళ్ళీ అడిగింది, పెద్దమ్మ కొంగు లాగుతూ.

“ఏమంటాంది?” అన్నాను.

“లేపుమంటాంది” అంది పెద్దమ్మ. ఫోటోను కొంగులో చుట్టుకొని, పిల్లను చంకనెత్తుకొని, సంత జనంలో కలిసిపోయింది.

కింద పడిన మొదటి ప్రింటు ఇంకా అక్కడే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. ఎరగనట్టు చూస్తోంది అని పెద్దమ్మ అన్న ఆ కళ్ళు నాకు మాత్రం ఎరిగినట్టే ఉన్నాయి. ఎవరివో చెప్పలేకపోయాను కానీ ఎరుగుదును. ‘ఇప్పపువ్వు అవ్వ’ను తెరిచాను. ముడతల ముఖంలో అవే కళ్ళు. ఇంకో ఊరి ఆమెను తెరిచాను. అవే. ఫోటో సరిగా లేని ప్రతి ఆడమనిషికీ ‘కళ్ళు కాపీ’, ‘కళ్ళు కాపీ కాపీ’. అందరూ నన్నే చూస్తున్నారు.

మొదటిది ఎక్కడో ఉండాలి కదా. పాత కంప్యూటర్‌లో ఇంకా కాపీ కాకుండా మిగిలినవాటిలో ‘కళ్ళు’ అని ఒక ఫోల్డర్ కనిపించింది. అందులో ఒకే ఒక్క ఫోటో. మా అమ్మ.

ఇదే షాపు గడప దగ్గర, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి తీశాడు. నవ్వు ఆపుకుంటూ నేరుగా చూస్తోంది. తేదీ చూశాను. అన్న షాపు పెట్టిన కొత్తల్లోది. అప్పటికి అమ్మ సూదిలో దారం తనే ఎక్కించుకునేది. చూపు తగ్గడం ఆ తర్వాత మొదలైంది. ముందు పక్కలు కనపడలేదు, తర్వాత మధ్యలో కూడా మసక కమ్మింది. ఖమ్మంలో డాక్టరు, కంటి నరం ఎండిపోయింది, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడితే చాలు అన్నాడు. అది కూడా నిలబడలేదు. అమ్మకు ఇప్పుడు పగలూ రాత్రీ తేడా మాత్రం తెలుస్తుంది.

తీయడం కాదు, కాపీ. ఇక్కడివి ఇక్కడే ఉంటాయి. కాసేపటి కింద పెద్దమ్మకు చెప్పిన మాటే నాకు నేను చెప్పుకున్నాను. డాక్టరు మాటా చెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని, ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్నదాన్ని. అయినా నాకు భయమేసింది. ఆ పెద్దమ్మ అరచెయ్యి ఆ రోజు మా అమ్మ ముఖం మీద ఎందుకు లేదా అని ఏడుపొచ్చింది. మిగిలినవన్నీ కాపీ చేశాను. ‘కళ్ళు’ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. కంప్యూటర్ ఆపేసి షట్టర్ దించాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. అమ్మ గడప దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె పక్కన కూర్చుని, అడగకూడదనుకుంటూనే అడిగాను.

“అమ్మా, అన్న నీ కండ్ల ఫోటో తీసిండా ఎప్పుడన్నా?”

“అవ్, తీసిండు” అంది, చెయ్యి ఆపకుండా. “షాపు ముందట కూసోబెట్టి, గిటు సూడమ్మా గిటు సూడు అని సతాయించిండు. ఎందుకురా అంటే చెప్పిండు.”

“చెప్పిండా? నువ్వేమన్నవ్?”

“ఏమంట? కండ్లు మూసుకున్నోళ్ళను నడి రోడ్డు మీద నిలబెడ్తే ఏం మంచిగుంటది? పెట్టుకోరా అన్న.”

అమ్మ ఇంకో కాయ అందుకుంది. వేళ్ళతో తడిమి ఈనె దొరకబుచ్చుకుని లాగింది. తర్వాత చెయ్యి ఆగింది.

“మరి వాని ఫ్లెక్సీ మీద ఎవరి కండ్లు పెట్టినవే?”

“ఎవరియి పెట్టలే అమ్మా. అన్నయే. తెరిచే ఉన్నయి.”

“ఎటు సూస్తుండు?”

ఇన్నాళ్ళూ అమ్మ ఇది అడగలేదు. అందరి ముఖాలూ సర్దిన మా అన్నకు తన ఫోటో అంటూ ఒక్కటే ఉంది, పనిలో ఉండగా నేను ఫోన్‌లో తీసింది. అందులో ఆయన మా వైపు చూడడు.

“కంప్యూటర్ దిక్కు” అన్నాను.

“నా దిక్కు తిప్పు” అంది అమ్మ.

బొమ్మను అద్దంలోలా తిప్పి ఎడమను కుడి చెయ్యగలను. పక్కకు చూసే మనిషి ఎదురుగా చూడాలంటే మాత్రం వేరే కళ్ళు తెచ్చి పెట్టాలి. ఆ మాట అమ్మతో ఎలా చెప్పను? ఫోన్‌లో అన్న ఫోటో తెరిచి, ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను.

“తిప్పిన” అన్నాను.

అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, జుట్టు సర్దుకుంది.